అంత ఎత్తున వెళ్తే భయం లేదా?

ప్రశ్న: మా అమ్మాయి, మనవడు వచ్చే నెల గల్ఫ్ మీదుగా జర్మనీ వెళ్తున్నారు. కింద యుద్ధం జరిగినా విమానం ముప్పై వేల అడుగుల పైన ఉంటుంది, ఏం కాదంటాడు అల్లుడు. నాకేమో నిద్ర పట్టడం లేదు.
— ఒక అమ్మమ్మ, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, భుజాన పెట్టుకుని పేల్చే క్షిపణులు అంత ఎత్తుకు అందుకోలేవు. అంతవరకు మీ అల్లుడి మాట నిజమే. వాహనం మీంచి వదిలే ‘బుక్’ లాంటి పెద్ద క్షిపణులు మాత్రం అందుకుంటాయి. 2014 జూలై 17న మలేషియా విమానం ఎంహెచ్17 తూర్పు ఉక్రెయిన్ మీద 33 వేల అడుగుల ఎత్తున పోతోంది. అక్కడి ఆకాశాన్ని ఉక్రెయిన్ మూసింది 32 వేల అడుగుల వరకే. అంటే పైలట్లు తెరిచి ఉన్న దారిలోనే వెళ్తున్నారు. బుక్ క్షిపణి తగిలి విమానం కూలింది, 298 మంది ప్రాణాలు పోయాయి. ఆ రోజు మూసేలోపు ఆ ప్రాంతం మీదుగా 160 విమానాలు వెళ్లాయి. ఆకాశాన్ని పూర్తిగా మూయడానికి తగిన కారణం ముందే ఉందని డచ్ దర్యాప్తు తేల్చింది. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు రగిలిపోతుంది.

నేను చెన్నై మీనంబాక్కంలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యాను. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉందంటే, బంగాళాఖాతం మీద ఏ హద్దుల మధ్య, ఏ టైము నుంచి ఏ టైము దాకా విమానాలు రాకూడదో ముందే నోటామ్, అంటే పైలట్లకూ మాకూ పంపే హెచ్చరిక నోటీసు, వచ్చేది. మేం ఒక్కో విమానాన్నీ పక్కకు తప్పించేవాళ్లం. యుద్ధంలో ఉన్నవాళ్లు అలా ముందుగా చెప్పరు. ఆకాశం మూయాలా వద్దా అన్నది ఆ దేశం చేతిలోనే ఉంటుంది. 2020 జనవరి 8న ఇరాన్ ఇరాక్‌లోని అమెరికా స్థావరాల మీద క్షిపణులు వేసి, తెహ్రాన్ విమానాశ్రయాన్ని తెరిచే ఉంచింది. కొన్ని గంటల్లోనే, టేకాఫ్ అయిన ఉక్రెయిన్ విమానాన్ని వాళ్ల దళాలే శత్రువుదనుకుని కూల్చాయి. 176 మంది పోయారు.

ప్రయాణం మానమని నేననను. గల్ఫ్ నుంచి జర్మనీకి దారి చాలావరకు ఇరాక్ మీదుగానో, ఇరాన్ మీదుగానో ఉంటుంది. వాళ్లెక్కే విమానం ఈ వారమంతా ఏ దారిన వెళ్లిందో, విమానాల దారులు చూపే ఫ్లైట్‌రాడార్‌24 వెబ్‌సైట్‌లో చూడమని అల్లుడితో చెప్పండి. గొడవలున్న చోటు మీదుగా పోతుంటే, డబ్బు పోయినా సరే, వేరే సంస్థలో టికెట్ తీసుకోమనండి. మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉండాలి, మధ్యలో మారడానికి బాగా వ్యవధి ఉండాలి. 2025 జూన్ 23న ఖతార్ కొన్ని గంటలు ఆకాశం మూసేస్తే దోహా వెళ్లాల్సిన విమానాలు వేరే ఊళ్లలో దిగాయి. మందులు, పిల్లాడి బట్టలు చేతిసంచిలోనే పెట్టించండి.