ఆయిల్ పెయింటింగ్‌లోకి చైనా ఇంకు సంప్రదాయాన్ని తేవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది: చాలాకాలంగా ఆయిల్ వేస్తున్నారు, పిల్లలకు నేర్పుతున్నారు. చైనా ఇంకు చిత్రాలు చూశాక ఆ పద్ధతిని కాన్వాస్ మీదికి తేవాలనిపించింది. కొండల చుట్టూ పొగమంచు, ఒక వెదురు కొమ్మ, మూలన చిత్రకారుడి పేరుతో ఎర్రటి ముద్ర వేసి చూస్తే క్యాలెండర్ బొమ్మలా వస్తోంది. తేడా ఎక్కడుంది, విద్యార్థులకు ఏం చెప్పాలి అన్నారు. నేను శాంతినికేతన్ కళాభవన్‌లో ఆయిల్ నేర్చుకుని, ఆ తర్వాత కొంతకాలం చైనాలోని హాంగ్‌జౌ నగరంలో ఇంకు పని నేర్చుకున్నాను. ఇప్పుడు విశాఖలో రెండూ నేర్పుతున్నాను. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను.

వెదురూ పొగమంచూ ముద్రా చైనా చిత్రానికి పైవేషం. వాటిని తెచ్చి కాన్వాస్ మీద పెట్టినంత మాత్రాన ఏమీ కలవదు. రావాల్సినవి మూడు: చెయ్యి కదిలే తీరు, ఖాళీని వాడుకునే తీరు, కొండ చుట్టూ నడుస్తూ చూసే చూపు. ఈ మూడూ రావాలంటే కొంతకాలం రెండు పనుల్నీ విడివిడిగా, ఒకదాని జోలికి ఇంకొకటి పోకుండా చెయ్యాలి. కలపడానికి తొందరపడినవాళ్ల బొమ్మలే ఎక్కువగా క్యాలెండర్ దారి పడతాయి.

ఇది నా సొంత సిద్ధాంతమేమీ కాదు. 1928లో హాంగ్‌జౌలో, వెస్ట్ లేక్ ఒడ్డున జాతీయ కళా విద్యాలయం మొదలైంది. దాని తొలి అధిపతి లిన్ ఫెంగ్‌మియాన్. ఫ్రాన్స్‌లో చదివి వచ్చిన ఆయనకు అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. చైనా చిత్రం, పాశ్చాత్య చిత్రం అని వేరు వేరు శాఖలు వద్దని రెండింటినీ ఒకే శాఖ కింద పెట్టి, విద్యార్థులంతా రెండూ నేర్చుకోవాలన్నారు. అదే బడిలో ఇంకు చిత్రం చెప్పిన పాన్ తియాన్‌షౌది సరిగ్గా ఎదురు మాట. రెండు సంప్రదాయాలూ రెండు శిఖరాలు, వాటి మధ్య దూరం ఉంచాలి, దగ్గరికి లాగితే రెండూ పొట్టివైపోతాయి అని ఆయన పట్టు. ఇక ఆయిల్ నేర్పింది వు దాయు. ఈ వాతావరణంలో చదువుకున్నవాళ్లే వు గ్వాన్‌జోంగ్, జావో వూకీ, చూ తెహ్‌చున్. ముగ్గురూ తర్వాత పారిస్ వెళ్లారు. మొదటాయన 1950లో చైనాకు తిరిగొచ్చేశారు, మిగతా ఇద్దరూ ఫ్రాన్స్‌లోనే ఉండిపోయారు. కలపమన్న గురువు, కలపొద్దన్న గురువు ఒకే ఆవరణలో ఉండటం ఆ విద్యార్థుల అదృష్టమని నేను గట్టిగా నమ్ముతాను. పాన్ లాంటి వాళ్ల దగ్గర గీత గట్టిపడకపోతే, లిన్ చెప్పిన కలయికకు కలపడానికి సరుకే ఉండదు.

శాంతినికేతన్‌కూ ఈ కథలో చోటుంది. ఠాగూర్ పిలుపు మీద చైనా చిత్రకారుడు షూ బీహాంగ్ 1939 చివర్లో అక్కడికి వచ్చారు. కొండలు తవ్విపోసిన ముసలాయన గురించిన చైనా పాత కథను 1940లో పెద్ద ఇంకు చిత్రంగా వేశారు, అదే కథను ఆయిల్‌లోనూ వేశారు. తవ్వుతున్న ఆ మనుషుల ఒళ్లకు మోడల్స్‌గా నిలబడింది మనవాళ్లే. పారిస్‌లో నేర్చుకున్న శరీర నిర్మాణాన్ని ఆయన ఇంకులోకి తెచ్చారు. మీరు వెళ్లాలనుకుంటున్నది దానికి ఎదురు దారి, ఇంకు నుంచి ఆయిల్‌కి. ఈ దారి కష్టమని నా అనుభవం. కారణం సామాను దగ్గరే ఉంది.

ముందు గీత సంగతి. చైనావాళ్ల షువాన్ కాగితానికి జిగురు పట్టించకపోతే అది ఇంకును ఇట్టే తాగేస్తుంది. కుంచె ఆగిన చోట మచ్చ, తడబడిన చోట తడబాటు, వేగంగా వెళ్లిన చోట కాగితం తెలుపు కనిపించే ఎండు గీత. దిద్దుకోవడం అనేది ఉండదు. హాంగ్‌జౌలో మా మాస్టారు మమ్మల్ని కుంచె నిట్టనిలువుగా పట్టుకోమని, మోచెయ్యి బల్లకు ఆనకుండా భుజం నుంచి గీత లాగమనేవారు. వేళ్లతో లాగుతున్నామని అనుమానం వస్తే వెనక నుంచి వచ్చి కుంచె పైకొన పట్టుకుని మెల్లగా పైకి లాగేవారు. పట్టు సరిగ్గా ఉంటే కుంచె చేతిలోనే ఉండేది. వేళ్లు బిగుసుకుని ఉంటే చెయ్యంతా దాంతో పాటు లేచేది. ఒక గీత మొదలు, నడక, ముగింపు ఊపిరితో కలిసి ఉండాలన్న మాట అప్పుడు నాకు ఒంటికి ఎక్కింది.

ఇదే గీతను కాన్వాస్ మీద లాగి చూడండి. ట్యూబు నుంచి తీసిన రంగు జిగటగా పట్టుకుంటుంది, నేత గరుకు కుంచెను ఆపేస్తుంది, జానెడు వెళ్లేసరికి రంగు అయిపోతుంది. పలచగా జారుతుంది కదా అని చాలామంది టర్పెంటైన్ పోసేస్తారు. అలా చేస్తే రంగును పట్టి ఉంచే నూనె చాలక, ఆరాక గీత పొడిబారి చేతికి అంటుతుంది. నేను చేసేది ఇది: గెస్సో (రంగుకు ముందు కాన్వాస్‌కు వేసే తెల్లటి పూత) రెండు మూడు పూతలు వేసి, ప్రతి పూతా ఆరాక సన్నటి శాండ్‌పేపర్‌తో నున్నగా రుద్దుతాను. రంగులో కొంచెం స్టాండ్ ఆయిల్ (వేడిచేసి చిక్కబరచిన అవిసె నూనె), కొద్ది చుక్కల టర్పెంటైన్ కలిపి చిక్కటి మజ్జిగలా చేస్తాను. పొడవాటి వెంట్రుకలున్న రిగ్గర్ బ్రష్ వాడతాను, దాని కడుపులో రంగు నిలుస్తుంది కాబట్టి గీత దూరం పోతుంది. కింది పొర పూర్తిగా ఆరి ఉండాలి, లేదా పూర్తిగా పచ్చిగా ఉండాలి. సగం ఆరి జిగురుగా ఉన్నప్పుడు మాత్రం గీత జోలికి పోవద్దు.

నలుపు దగ్గర ఇంకో చిక్కు. ఇంకు చిత్రంలో నలుపే అన్నిటికీ ఆధారం, దానితోనే మొదలుపెడతాం. ఆయిల్‌లో ఐవరీ బ్లాక్, ల్యాంప్ బ్లాక్ నూనె బాగా తాగుతాయి, మెల్లగా ఆరుతాయి. వాటిని అడుగున వేసి పైన త్వరగా ఆరే రంగులు వేస్తే ముందుముందు పగుళ్లు వస్తాయి. అందుకని అడుగు పొరల్లో అల్ట్రామెరీన్, బర్న్ట్ అంబర్ కలిపి చేసిన ముదురు రంగు వాడి, అసలు నలుపును చివరికి దాచుకోండి. ఒకే ఇంకులో నీళ్ల పాళ్లు మార్చి చిక్కటి నలుపు నుంచి లేత బూడిద దాకా తీసుకొస్తారు కదా, ఆ మెట్లను కూడా ఈ కలుపుడు నలుపుతో సాధన చెయ్యొచ్చు. అంబర్ ఎక్కువైతే వెచ్చగా, నీలం ఎక్కువైతే చల్లగా ఉంటుంది. ఆ సౌకర్యం ఒక్క ఇంకుతో రాదు.

ఇక తెలుపు. నా దృష్టిలో మొత్తం పని ఇక్కడే తేలుతుంది. ఇంకు చిత్రంలో కాగితాన్ని వదిలేస్తే అది నీరవుతుంది, ఆకాశమవుతుంది, మంచవుతుంది. కాన్వాస్‌ను అలాగే వదిలేస్తే మాత్రం పని మధ్యలో ఆపేసినట్టే ఉంటుంది. చుట్టూ ఉన్న రంగుకు మందం, మెరుపు ఉంటాయి, ఖాళీకి ఉండవు. కాబట్టి ఆయిల్‌లో ఖాళీని కూడా వెయ్యాల్సిందే. వు గ్వాన్‌జోంగ్ తన ప్రాంతమైన జియాంగ్‌నాన్ (యాంగ్ట్సీ నదికి దక్షిణాన ఉన్న సీమ) ఇళ్లను ఎన్నోసార్లు వేశారు. తెల్ల గోడలు, నల్ల కప్పులు, ముందు నీళ్లు. ఆ తెలుపులు ఆయన మనసుపెట్టి వేసినవే. 1981లో ఇంకుతో వేసిన ‘రెండు వానకోయిలలు’ (టూ స్వాలోస్) చూడండి. చిత్రంలో అధిక భాగం అడ్డంగా పరుచుకున్న తెల్ల గోడలే, అయినా ఎక్కడా వెలితి ఉండదు. నేనైతే టైటానియం వైట్‌లో అర గోరంత పసుపుమట్టి రంగు ఒక చోట, అంతే నీలం ఇంకో చోట కలిపి, దగ్గరగా చూస్తే తప్ప తేడా తెలియని రెండు మూడు తెలుపులు చేసి పక్కపక్కన వేస్తాను. మీ పొగమంచు క్యాలెండర్‌లా కనిపించడానికి బహుశా కారణం, అంచులన్నీ మెత్తగా రుద్దేసి, లోపల మాత్రం ఒకే తెలుపు నింపడం.

మూడోది చూపు. 11వ శతాబ్దంలో చైనా చిత్రకారుడు గువో షి కొండను చూసే దూరాలు మూడని చెప్పారు: కింద నుంచి శిఖరానికి, ముందు నుంచి వెనక కొండల్లోకి, దగ్గరి కొండ నుంచి దూరపు కొండలకు అడ్డంగా. ఆయన 1072లో వేసిన ‘తొలి వసంతం’ ఇప్పుడు తైపేలోని నేషనల్ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. అందులో మీరు ఒక చోట నిలబడి చూడరు, చూపు దారులెంట ఎక్కుతూ పోతుంది. ఆయిల్ నేర్చుకున్నవాళ్లకు ఒకే కంటి నుంచి గీసే పర్‌స్పెక్టివ్ అలవాటు కాబట్టి ఇది మింగుడుపడదు. వు గ్వాన్‌జోంగ్ దీనికి వేసిన ఎత్తు నాకెంతో ఇష్టం. ఆయన ఆయిల్ సామాను మోసుకుని బయటికి వెళ్లి, ఒకే బొమ్మ కోసం ఈజిల్‌ను ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చేవారు. చెట్టు ఇక్కడిది, వంతెన అక్కడిది, కొండ ఇంకో వైపుది. మావో కాలపు సాంస్కృతిక విప్లవం రోజుల్లో, 1970లో హెబెయ్ పల్లెకు పొలం పనికి పంపినప్పుడు కూడా, పేడ ఎత్తే బుట్టనే ఈజిల్‌గా పెట్టుకుని చిన్న చిన్న నల్లబల్లల మీద వేశారు. అంత ఇబ్బందిలోనూ ఆగని ఆ మనిషిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె నిండిపోతుంది.

మా పిల్లలతో అనంతగిరి ఘాట్ రోడ్డులో ఇదే చేయిస్తాను. దారిలో ఎక్కడా గియ్యనివ్వను, ఫొటోలు తియ్యనివ్వను. కింది మలుపు, మధ్య మలుపు, పైన లోయ కనిపించే చోటు, ఈ మూడింటినీ ఇంటికొచ్చాక ఒకే నిలువు కాగితం మీద గుర్తున్నంత వరకు వెయ్యమంటాను. గుర్తు లేనిది వదిలెయ్యమంటాను. ఖాళీ ఎక్కడ పెట్టాలో చాలామందికి అప్పుడే తెలిసివస్తుంది.

నేర్పే వరుస గురించి అడిగారు. నేను ముందు ఇంకు ఇస్తాను, అదీ దిద్దుకోవడానికి వీల్లేని కాగితం మీద. షువాన్ దొరక్కపోతే జిగురు పట్టించని చేతికాగితం ఏదైనా సరిపోతుంది. ఆ రోజుల్లో ఆయిల్ బొమ్మలు వేరుగా, మామూలు పద్ధతిలోనే సాగుతాయి. బొగ్గుతో ఏళ్ల తరబడి నీడలు రుద్దడం అలవాటైన పిల్లలకు గీత అంటే భయం, టెన్షన్ పడిపోతారు. చైనాలోనూ ఇదే సమస్య వచ్చింది. 1955 నుంచి 1957 దాకా సోవియట్ చిత్రకారుడు మాక్సిమోవ్ బీజింగ్‌లో ఆయిల్ తరగతి నడిపాక ఆ తరహా శిక్షణ అక్కడి బడుల్లో బాగా పాతుకుపోయింది. 1985లో జావో వూకీ తాను చదివిన హాంగ్‌జౌ బడికే వచ్చి నెల రోజులు పాఠాలు చెప్పినప్పుడు ఎదుర్కొన్నది ఆ అలవాటునే. పారిస్‌లో తన మీద చైనా చిత్రకారుడన్న పేరు పడకూడదని ఆయన చాలాకాలం ఇంకును పక్కనపెట్టి, 1970ల మొదట్లో మళ్లీ పట్టుకున్నారు. ఆయన పెద్ద ఆయిల్ చిత్రాల్లో వెదురూ ఉండదు, ముద్రా ఉండదు. అయినా గాలి కదిలే తీరు చూస్తే ఎక్కడి నుంచి వచ్చిన మనిషో తెలిసిపోతుంది.

గీత చేతికొచ్చాక, తెలుపుల సాధన అయ్యాక కాన్వాస్ మీద రెండూ కలవనివ్వండి, అప్పటిదాకా ఆపండి. మీ బొమ్మ విషయంలో మాత్రం ముందు ముద్ర తీసేయండి. ఆ పొగమంచు ఆరితే దాని మీద రెండు వేర్వేరు తెలుపులతో మళ్లీ పని చేసి, ఒక అంచునైనా పదునుగా ఉంచండి. దూరం నుంచి ఒక ఫొటో, తెలుపు దగ్గర ఒక క్లోజప్ ఇక్కడ పెడితే చూసి చెబుతాను. ఏ గెస్సో, ఏ నూనె వాడారో కూడా రాయండి.