సంగటి నేర్పేముందు

చిట్టీ,

తిరుపతిలో పద్మావతి యూనివర్సిటీ దగ్గర ముగ్గురూ కలిసి రూము తీసుకున్నారనీ, మెస్సు మానేసి మీరే వండుకుంటా ఉన్నారనీ మీ అమ్మ చెప్పింది. సంగటి గెలకడం, ఊరిబిండి పచ్చడి నూరడం నేర్పమని నువ్వడిగావు కదా, తప్పకుండా నేర్పుతా. ముందు ఇది చదువు. మిగతా ఇద్దరికీ వినిపించు.

పెళ్ళయిన కొత్తలో, చిత్తూరులో మా అత్తగారింట్లో సంగటి గెలుకుతా ఉంటే ఒక ముద్ద ఎగిరి ఎడమ మణికట్టు మీద పడింది. సంగటి వేడినీళ్ళలాగా జారిపోదమ్మా, అతుక్కుని అక్కడే కాలుస్తుంది. ఇంట్లో ఒకరు పసుపు అద్దారు, ఇంకొకరు పళ్ళు తోముకునే పేస్టు పూశారు. నీళ్ళు పోస్తే బొబ్బలొస్తాయని కుళాయి దగ్గరికే పోనివ్వలేదు. అరగంటలో చెయ్యి ఉబ్బి గాజులు చర్మంలోకి దిగిపోయాయి. మట్టిగాజులు పగలగొట్టి, బంగారు గాజును కత్తిరించారు. ఎండిపోయిన పేస్టును డాక్టరు తీస్తా ఉంటే పడిన బాధ, కాలినప్పుడు కూడా పడలేదు. ఆ మచ్చ నువ్వు చూసే ఉంటావు.

అందుకే, కాలిన మరుక్షణం చెయ్యి కుళాయి కింద పెట్టు. మామూలు చన్నీళ్ళు, సన్నటి ధార, 20 నిమిషాలు. గడియారం చూసుకో. రెండు నిమిషాలకే మంట తగ్గినట్టుంటుంది, చెయ్యి తీసేద్దామనిపిస్తుంది. తీయొద్దు, లోపల వేడి ఇంకా ఉంటుంది. నీళ్ళు పడతా ఉండగానే ఉంగరం, గాజులు, వాచీ తీసెయ్. ఐసు పెట్టొద్దు, బొబ్బ చిదమొద్దు. తర్వాత ఉతికిన నూలుగుడ్డ వదులుగా కప్పు. అరచేతికంటే పెద్దగా కాలినా, ముఖం మీదో కీళ్ళ మీదో కాలినా, చర్మం తెల్లగా పాలిపోయి నొప్పే తెలియకపోయినా ఆగకుండా రుయా ఆసుపత్రికి పో, లేదా 108కి ఫోన్ చెయ్. నొప్పి లేదని ధైర్యపడొద్దు, లోతుగా కాలినప్పుడే అట్లా ఉంటుంది.

మీ రూముకు నీళ్ళు కొన్ని వేళల్లోనే వస్తాయన్నావు. కాబట్టి పొయ్యి వెలిగించే ముందు ఒక బకెట్టు నిండా మంచినీళ్ళు, పక్కన చెంబు ఉండాల్సిందే.

ఆ బకెట్టు పనికిరాని చోటు ఒకటుంది. బాణట్లో నూనె అంటుకుంటే నీళ్ళు పోయొద్దు. నీళ్ళు నూనె కిందికి దిగి ఒక్కసారిగా ఆవిరై, మండే నూనెను గదంతా చిమ్ముతాయి. గ్యాసు ఆపి, మూతను పక్కనుంచి జరిపి మూసెయ్. బాణలి కదిలించొద్దు, పూర్తిగా చల్లారేదాకా మూత ఎత్తొద్దు. వేపుడు పెట్టిన ప్రతిసారీ దానికి సరిపోయే మూత చేతికందేచోట పెట్టుకో. చున్నీ తీసి తలుపుకు తగిలించు.

గ్యాసు గాలికంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది. వాసన వస్తే లైటు వెయ్యనూ వద్దు, వెలిగే లైటు ఆపనూ వద్దు. ఫ్యాను ముట్టుకోవద్దు. రెగ్యులేటరు ఆపేసి, తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, బయటికొచ్చాక గ్యాసు లీకు హెల్ప్‌లైను 1906కి ఫోన్ చెయ్.

కుక్కర్లో పప్పు సగానికి మించి వద్దు, నురగ పొంగి విజిలు కింది రంధ్రం మూసుకుపోతుంది. మూత పెట్టేముందు ఆ రంధ్రంలోంచి వెలుతురు కనిపిస్తా ఉందో లేదో చూడు. ఆవిరి పోకముందు మూతతో కుస్తీ పట్టొద్దు.

వేలు తెగితే శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి, చెయ్యి పైకెత్తి 10 నిమిషాలు ఉంచు. ఆగిందో లేదోనని మధ్యలో తీసి చూస్తే మళ్ళీ మొదలవుతుంది. కాఫీపొడి అద్దొద్దు. ఊరిబిండికి ఎండుమిరపకాయలు తుంచాక చేతులు మండితే కాస్త చెనక్కాయనూనె రుద్ది, ఆపైన సబ్బుతో కడుక్కో. ఆ చేత్తో కన్ను ముట్టుకోవద్దు.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తా. మీ గ్యాసు ట్యూబు మీద ఏ సంవత్సరం అచ్చయి ఉందో చూసి రాత్రికి చెప్పు. 5 ఏళ్ళు దాటి ఉంటే కొత్తది నేనే తెస్తా. దాన్ని మార్చాకే సంగటికి ఎసరు పెడదాం.

మీ పెద్దమ్మ