ప్రొఫెసర్లు జవాబివ్వకపోతే ఏం చేయాలి?

పరిశోధనలో పని చేసే అవకాశం అడుగుతూ ఇరవై మంది ప్రొఫెసర్లకు మెయిల్ పంపినా ఒక్కరూ జవాబివ్వలేదని, డిగ్రీ రెండో సంవత్సరమే కాబట్టి పట్టించుకోలేదేమోనని రాశారు. నాకలా అనిపించడం లేదు. మీరు అతికించిన మెయిల్‌లో పేరు మారిస్తే అది ఎవరికైనా సరిపోతుంది. చదివేవారికి ఆ సంగతి మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది.

ముగ్గురిని ఎంచుకోండి. పరిశోధన పత్రాలు వెతికే గూగుల్ స్కాలర్‌లో ఒక్కొక్కరి ప్రొఫైల్ తెరిచి, వారి పత్రాలను సంవత్సరాల వారీగా అమర్చుకుని, ఇటీవలి పత్రం ఒకటి తీసుకోండి. అది చదవడానికి పరిశోధన పత్రిక డబ్బు కట్టమంటే వెనక్కి తగ్గకండి. భౌతికశాస్త్రం, గణితం, కంప్యూటర్ సైన్స్ వంటి రంగాల పత్రాలు ఎన్నో 1991లో మొదలైన ఆర్కైవ్ (arXiv) వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. సారాంశం, బొమ్మలు, ముగింపు ముందు చదవండి. మధ్యలోని పద్ధతులు అర్థం కాకపోయినా కంగారు పడకండి (నాకు మూడోసారి చదివినా అర్థం కాలేదు). చదువుతుండగా మీకు నిజంగా తట్టిన సందేహం ఒక్కటి మెయిల్‌లో అడగండి. తర్వాత మీకు చేతనైన పని, వారానికి ఇవ్వగల గంటలు రాస్తే చాలు.

జవాబు రాకపోతే పది రోజుల తర్వాత ఒక్కసారి గుర్తుచేయవచ్చు. రెండోసారి వద్దు.

ఆ ప్రొఫెసర్ల ప్రయోగశాలల్లోని పీహెచ్‌డీ విద్యార్థులకు కూడా రాయండి. రోజువారీ పనిలో తోడు కావలసింది ఎక్కువగా వాళ్లకే. మొదట డేటా శుభ్రం చేయడం లాంటి విసుగు పుట్టించే పని ఇస్తారు, కాదనకండి. అయితే పత్రంలో రచయితగా పేరు ఉంటుందా అన్నది మాత్రం మొహమాటపడకుండా ముందే అడగండి. నేను అడగలేదు, ఏడాది పని చేశాక కృతజ్ఞతల్లో ఒక పంక్తి దక్కింది.