పాత డీజిల్ కారు: పాఠకుల సందేహాలు, సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే ఇంజిన్‌కు సంబంధించినవి. ఫియట్ సంస్థ రూపొందించిన 1248 సీసీ మల్టీజెట్ డీజిల్ ఇంజిన్‌ను మారుతి సంస్థ 2007లో స్విఫ్ట్‌లో ప్రవేశపెట్టింది. ఆ తర్వాత డిజైర్, రిట్జ్, ఎర్టిగా, బ్రెజాలతో పాటు ఫియట్ పుంటో, లీనియాలలోనూ, టాటా ఇండికా విస్టాలోనూ ఇదే ఇంజిన్ చిన్న చిన్న మార్పులతో వచ్చింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమలులోకి రావడంతో మారుతి డీజిల్ కార్లను పూర్తిగా నిలిపివేసింది. కాబట్టి నేడు మన రోడ్ల మీద తిరుగుతున్న ఆ కార్లన్నీ పాతవే, వాటిలో చాలావరకు రెండో చేతికో మూడో చేతికో వచ్చినవే. ఈ సంచికను వాటికే కేటాయించాము.

ప్రశ్న: నేను ఉపాధ్యాయుడిని. 2014 మోడల్ స్విఫ్ట్ డీజిల్ ఒకటి అమ్మకానికి వచ్చింది. లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగింది. కొనేముందు ఏమేమి చూసుకోవాలి? (ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: లక్షా పదివేలు ఈ ఇంజిన్‌కు ఎక్కువేమీ కాదు. వేళకు ఆయిల్ మార్చిన బండ్లు అంతకు రెండింతలు తిరిగి కూడా బాగానే నడుస్తున్నాయి. అందుకే మీటరు అంకె కన్నా ఆ కిలోమీటర్లు ఎలా తిరిగిందన్నది ముఖ్యం. బండి నంబరు చెబితే కంపెనీ సర్వీసు సెంటరులో పాత సర్వీసుల వివరాలు దొరుకుతాయి. ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల వద్ద సర్వీసు జరిగిందో యజమాని చేత అడిగించి తెలుసుకోండి. 2018లో తొంభై వేలు దాటినట్టు నమోదైన బండి ఈరోజు లక్షా పదివేలు చూపిస్తుంటే, ఈ మధ్యకాలంలో అది ఎంత తిరిగిందని నిలదీసి అడగవలసిందే. డిజైర్ అయితే అది ఒకప్పుడు ట్యాక్సీగా తిరిగి, ఆ తర్వాత తెల్ల నంబరు ప్లేటుకు మారిందా అన్నది ఆర్‌సీ చరిత్రలో తప్పక చూడాలి.

బండిని ఉదయం పూట, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే చూడండి. అమ్మేవారి ఇంటికి వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. అది వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్టు చేసి ఉంచారని అర్థం, మరో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి. చల్లని ఇంజిన్‌ను స్టార్టు చేసినప్పుడు మొదటి రెండు మూడు సెకన్లు గలగలమని గొలుసు చప్పుడు వినిపించి ఆగిపోతే, వాల్వులను వేళకు తెరిచి మూయించే టైమింగ్ చైనుకు ఆయిల్ అందడంలో కాస్త జాప్యం జరుగుతోందని గ్రహించాలి. ఆ చప్పుడు ఆగకుండా కొనసాగితే మాత్రం చైను సాగిందో, దానిని బిగువుగా ఉంచే టెన్షనర్ బలహీనపడిందో తేల్చుకోవాలి. ఈ ఇంజిన్‌లో బెల్టు లేదు, చైనే ఉంది కాబట్టి జీవితాంతం దాని జోలికి వెళ్ళనక్కర్లేదని చాలామంది నమ్ముతారు. ఆయిల్ మార్పును నిర్లక్ష్యం చేసిన బండ్లలో ఆ నమ్మకం ఎంతో ఖరీదైనదిగా తేలుతుంది, ఎందుకంటే చైను పళ్ళు తప్పితే దెబ్బ నేరుగా వాల్వులకూ రాకర్లకూ తగులుతుంది.

ఇంజిన్ నడుస్తుండగానే ఆయిల్ పోసే మూతను తీసి చూడండి. కొద్దిగా ఆవిరి కనిపించడం సహజమే. ఆగి ఆగి బుస్సుమని పొగ తోసుకు వస్తుంటే, దానిని మెకానిక్కులు బ్లో-బై అంటారు, సిలిండర్లు, రింగులు అరిగాయన్న అనుమానం బలపడుతుంది. అలాంటి బండి ఎంత చౌకగా వచ్చినా వద్దు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ నల్లగా ఉందని మాత్రం భయపడకండి, డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ కూడా కొద్ది రోజులకే నల్లబడుతుంది. చూడవలసింది మట్టాన్ని. ఈ ఇంజిన్‌లో పట్టే ఆయిల్ మూడు లీటర్ల పైచిలుకు మాత్రమే కాబట్టి అర లీటరు తగ్గినా ప్రభావం పెద్దది. పాలు కలిపినట్టు తెల్లటి జిగురు కనిపిస్తే ఆయిల్‌లో నీళ్ళు కలుస్తున్నాయని అర్థం.

కొన్న మరునాడే పాత రసీదులతో నిమిత్తం లేకుండా ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ నాలుగూ మార్పించండి. ఆయిల్ 5డబ్ల్యూ-30 గ్రేడుదే అయి ఉండాలి. షెడ్డులో ట్రాక్టర్లకు వాడే చిక్కటి ఆయిల్ పోస్తే చప్పుడు తగ్గుతుందని చెప్పేవారుంటారు, ఒప్పుకోవద్దు. అక్కడి నుంచి ప్రతి పదివేల కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు, ఆయిల్ మార్చుకుంటే చాలు.

ప్రశ్న: మా రిట్జ్ డీజిల్ నల్లటి పొగ వదులుతోంది. పికప్ పూర్తిగా పడిపోయింది. ఇంజెక్టర్లు నాలుగూ, వాటితో పాటు టర్బో కూడా మార్చాలని మెకానిక్ అంటున్నారు. అంత ఖర్చు పెట్టడం సబబేనా? (ఒక పాఠకురాలు, నిజామాబాద్)

జవాబు: ఆ ఖర్చు పెట్టకముందు మీరు తెలుసుకోవలసింది చాలా ఉందమ్మా. నల్లటి పొగ అంటే పోసిన డీజిల్‌కు సరిపడా గాలి అందడం లేదని అర్థం. గాలి తగ్గడానికి అరడజను కారణాలుంటాయి, వాటిలో చౌకైనవే తరచుగా నిజమవుతుంటాయి. అందుకని వెతుకులాట ఎప్పుడూ చౌకైన కారణం నుంచి ఖరీదైన కారణం వైపు సాగాలి. మీ మెకానిక్ చివరి మెట్టు నుంచి మొదలుపెట్టారు.

మొదట ఎయిర్ ఫిల్టర్‌ను తీసి చూడాలి. తర్వాత ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో నుంచి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కూ, అక్కడి నుంచి ఇంజిన్‌కూ వెళ్ళే రబ్బరు పైపులను చేతితో తడిమి చూడాలి. ఏళ్ళ తరబడి వేడికీ ఆయిల్ తేమకూ ఆ రబ్బరు మెత్తబడి, క్లాంపు బిగించిన చోటో, వంపు అడుగునో చీలుతుంది. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఆ చీలిక కంటికి కనిపించదు, పైపును రెండు చేతులతో వంచితే నోరు తెరుచుకుంటుంది. బండి మీద బరువు పడి టర్బో ఒత్తిడి పెరిగినప్పుడు గాలి అక్కడి నుంచి బుస్సున బయటికి పోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మీకు ఈల వంటి శబ్దమో, గాలి కారే శబ్దమో వినిపిస్తుంటే, పైపు చుట్టూ ఆయిల్ తడి అంటుకుని ఉంటే, అనుమానం దాదాపు తీరినట్టే. ఒక పైపు, రెండు క్లాంపులతో పోయేదానికి టర్బోనే మార్చడం చాలా అన్యాయం.

అక్కడ ఏమీ దొరకకపోతే ఈజీఆర్ వాల్వును విప్పించండి. సైలెన్సర్ వైపు వెళ్ళే పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపి, మంట వేడిని తగ్గించి, నైట్రోజన్ ఆక్సైడ్లను అదుపులో ఉంచడం దాని పని. ఆ పొగలోని మసి, ఇంజిన్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరితో కలిసి తారులా పేరుకుపోతుంది. వాల్వు తెరుచుకున్న స్థితిలో ఇరుక్కుపోతే, ఇంజిన్‌కు స్వచ్ఛమైన గాలికి బదులు పొగే అందుతుంది. పికప్ పడిపోవడం, నల్లటి పొగ, కొన్నిసార్లు ట్రాఫిక్‌లో బండి ఆగిపోవడం దీని ఫలితమే. విప్పి శుభ్రం చేస్తే చాలాసార్లు సమస్య తీరుతుంది. కొందరు మెకానిక్కులు రేకు ముక్క పెట్టి ఆ దారినే మూసేస్తామంటారు. అది కాలుష్య నియంత్రణ కోసం పెట్టిన భాగం, దానిని మూయించవద్దని గట్టిగా చెబుతున్నాను. బిడ్డల్ని బడికి దింపే వీధుల్లోనే కదా మనం ఆ పొగను వదిలేది.

ఇవన్నీ చూశాకే సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల వంతు. స్కానర్ పెట్టి లోపాల కోడ్లు చూడమనండి. ఆ తర్వాత లీక్-ఆఫ్ పరీక్ష చేయమనండి. ఒక్కొక్క ఇంజెక్టర్ నుంచి వెనక్కి వచ్చే డీజిల్ పైపును ఒక్కొక్క చిన్న సీసాలో పెట్టి ఇంజిన్‌ను కొన్ని నిమిషాలు నడిపిస్తారు. నాలుగు సీసాలలోనూ మట్టం దాదాపు సమానంగా ఉండాలి. ఒకదానిలో మిగతావాటికన్నా చాలా ఎక్కువ నిండితే ఆ ఇంజెక్టర్ అరిగింది, మిగిలిన మూడూ బాగానే ఉన్నాయి. పరీక్ష మీ కళ్ళ ముందే చేయించుకోండి. చెడిన ఒక్కదానినీ డీజిల్ పంపు, ఇంజెక్టర్ల మరమ్మతు చేసే షాపులో బాగు చేయించవచ్చునేమో ముందు అడగండి. ఇంజెక్టర్ మొదలు దగ్గర నల్లటి తారు పేరుకుని, ఇంజిన్ తిరుగుతుంటే చుఫ్ చుఫ్ అని వినిపిస్తే, పోయింది ఇంజెక్టర్ కాకపోవచ్చు, దాని అడుగున ఉండే రాగి వాషరు మాత్రమే కావచ్చు. దానిని మాత్రం వాయిదా వేయవద్దు. ఆ తారు గట్టిపడిన కొద్దీ ఇంజెక్టర్ ఊడి రావడం కష్టమవుతుంది.

ఈ మెట్లన్నీ ఎక్కిన తర్వాత టర్బో ఇరుసు పక్కకు ఊగుతోందని తేలితే, అప్పుడు టర్బో మార్చక తప్పదు. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే ఆ ఇరుసు సన్నటి ఆయిల్ పొర మీద ఆధారపడి తిరుగుతుంది. కాబట్టి పాతదాన్ని పాడుచేసిన కారణాన్ని, అంటే ఆయిల్ పైపులో పూడికనో, మట్టం తగ్గడాన్నో సరిచేయకుండా కొత్తది బిగిస్తే అది కూడా అదే దారి పడుతుంది. దూర ప్రయాణం నుంచి వచ్చి ఆగిన వెంటనే ఇంజిన్ ఆపకుండా అర నిమిషమో, నిమిషమో ఐడిల్‌లో ఉంచడం కూడా ఇందుకే.

ప్రశ్న: కొత్తగా కొన్న పాత డిజైర్ సిగ్నల్ వద్ద రెండో గేరులో కదలనంటుంది, ఆ తర్వాత ఒక్కసారిగా ఎగురుతుంది. టర్బో చెడిందా? నా రోజువారీ ప్రయాణం ఇంటి నుంచి ఆఫీసుకు ఆరు కిలోమీటర్లే. (ఒక పాఠకుడు, కూకట్‌పల్లి)

జవాబు: చెడలేదు. 75 పీఎస్ ఇంజిన్ తన 190 న్యూటన్ మీటర్ల టార్కును, అంటే తిప్పే బలాన్ని, 2000 ఆర్‌పీఎమ్ (నిమిషానికి ఇంజిన్ చుట్లు) వద్ద అందిస్తుంది, అంతకు దిగువన ఈ ఇంజిన్ నిద్రమత్తులో ఉన్నట్టే ఉంటుంది. మీటరు ముల్లు 1500 కన్నా దిగకుండా గేరు తగ్గించుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. పై గేరులో నెమ్మదిగా లాగించబోయి, క్లచ్చును సగం నొక్కి పట్టి నడిపితే మాత్రం క్లచ్ ప్లేటు త్వరగా అరుగుతుంది.

మీ రెండో మాటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ఆరు కిలోమీటర్ల ట్రాఫిక్‌లో డీజిల్ ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆగిపోతుంది, ఈజీఆర్‌లో మసి పేరుకునేది సరిగ్గా ఇలాంటి వాడకంలోనే. ఉన్న బండిని అమ్మమని చెప్పను. వారానికొకసారి ఔటర్ రింగు రోడ్డు మీదో, మరో ఖాళీ రహదారి మీదో అరగంట సేపు మూడో నాలుగో గేరులో నిలకడగా నడపండి. కొత్తగా కొనబోయేవారు ఇంత తక్కువ ప్రయాణానికి పెట్రోలు బండిని చూసుకోవడం మంచిది. బీఎస్-6 డీజిల్ కార్లలో పొగను వడకట్టే డీపీఎఫ్ కూడా ఉంటుంది, అది నగరపు చిన్న ప్రయాణాలలో మరీ తొందరగా నిండిపోతుంది.

ప్రశ్న: చలికాలం ఉదయాన సెల్ఫ్ చాలాసేపు కొట్టవలసి వస్తోంది, స్టార్టయ్యాక తెల్లటి పొగ వస్తోంది. ఎండ ఎక్కాక ఏ ఇబ్బందీ లేదు. (ఒక పాఠకుడు, చింతపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లా)

జవాబు: మీ ఏజెన్సీ చలికి గ్లో ప్లగ్గులు పని చేయవలసిందే. డీజిల్ ఇంజిన్‌లో స్పార్కు ఉండదు, నొక్కిన గాలి వేడికే డీజిల్ అంటుకుంటుంది. లోహమంతా చల్లబడి ఉన్నప్పుడు ఆ వేడి చాలదు కాబట్టి గ్లో ప్లగ్గులు సిలిండరు లోపలి గాలిని ముందుగా వెచ్చబరుస్తాయి. తాళం తిప్పగానే వెలిగే తీగచుట్ట ఆకారపు దీపం ఆరేవరకు ఆగి, అప్పుడు సెల్ఫ్ కొట్టండి. అలా చేసినా మారకపోతే నాలుగు ప్లగ్గులనూ మల్టీమీటరుతో పరీక్షించమనండి, దానితో పాటు బ్యాటరీ వయసు కూడా చూసుకోండి.

డీజిల్ ఫిల్టర్ సంగతి మరవకండి. కొండ ప్రాంతాలలో డబ్బాలలో నిల్వ చేసిన డీజిల్‌ను పోసుకోవలసి వస్తే అందులో నీటి తేమ చేరే అవకాశం ఎక్కువ. ఫిల్టర్ అడుగున నీళ్ళు దిగే మర ఉంటుంది, దానిని వదులు చేస్తే ముందు నీళ్ళు, తర్వాత డీజిల్ వస్తాయి. డ్యాష్‌బోర్డులో నీటి సూచిక దీపం వెలిగితే ఒక్క రోజు కూడా ఆగవద్దు. వేయి బార్లకు పైగా ఒత్తిడితో పనిచేసే పంపులో, ఇంజెక్టర్లలో కందెన కూడా డీజిలే, అక్కడికి నీళ్ళు చేరితే లోహం లోహాన్ని గీరుకుంటుంది.

ప్రశ్న: మార్కెట్ ధర కన్నా చాలా తక్కువకు రెండు బండ్లు చూపిస్తున్నారు. ఒకటి ఇక్కడిదే, మరొకటి ఢిల్లీ నంబరుది. (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: మీ ఊరి బండి విషయంలో 2024 సెప్టెంబరు బుడమేరు వరదను గుర్తుంచుకుని పరీక్షించండి. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి. లోపల చుట్టుకుని ఉండే భాగాన్ని ఎవరూ కడగరు, అక్కడ బురద గీత అలాగే ఉంటుంది. సీటు బోల్టుల తుప్పు, కార్పెట్ కింది ఒండ్రు, ఫ్యూజు పెట్టెలో పచ్చటి చిలుము చూడండి. నీళ్ళలో నడుస్తుండగా ఆగిన డీజిల్ ఇంజిన్‌లో కనెక్టింగ్ రాడ్లు వంగి ఉండవచ్చు, ఆ లోపం కొన్ని నెలల తర్వాత బయటపడుతుంది.

ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లపై 2015 నుంచి వచ్చిన ఆంక్షల మూలంగా అక్కడి కార్లు ఇక్కడికి చౌకగా వస్తున్నాయి. అది మోసమని అనలేము. అయితే అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) చేతికి రాకముందు, అప్పు ఉంటే అది తీరినట్టు బ్యాంకు ఇచ్చే పత్రం చూడకముందు పైసా ఇవ్వకండి. ఇక్కడ రిజిస్ట్రేషన్ మార్పుకు, లైఫ్ ట్యాక్సుకు అయ్యే మొత్తాన్ని ముందే రవాణా కార్యాలయంలో తెలుసుకుని బండి ధరకు కలిపి లెక్క వేస్తే, ఆ చౌకదనంలో ఎంత మిగులుతుందో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: గుంతలలో ముందు వైపు కటకటమని చప్పుడు వస్తోంది. షాకబ్జార్బర్లు మార్చాలా? (ఒక పాఠకురాలు, కడప)

జవాబు: ఈ కార్లలో ఆ చప్పుడుకు ముందుగా అనుమానించవలసింది మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ లింకు రాడ్లను, తర్వాత చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌లను. డీజిల్ ఇంజిన్ అదనపు బరువు ముందు చక్రాల మీదే పడుతుంది కాబట్టి ఇవి పెట్రోలు బండ్లలో కన్నా తొందరగా అరుగుతాయి. బండిని జాకీ మీద లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడమనండి. షాకబ్జార్బరు నుంచి ఆయిల్ కారుతుంటే తప్ప దాని జోలికి వెళ్ళవద్దు. బుష్‌లు మార్చిన తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించడం మరవకండి, లేకపోతే ఆరు నెలలకే ముందు టైర్ల అంచులు అరిగిపోతాయి.