ఫైర్‌ఫాక్స్‌కు మారినా పాత బుక్‌మార్కులు పోవు

క్రోమ్ బ్రౌజరు నుంచి ఫైర్‌ఫాక్స్‌కు మారితే ఏళ్ల తరబడి దాచుకున్న బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు పోతాయేమోనని పాఠకులొకరు సందేహిస్తూ రాశారు. ఆ భయం అక్కరలేదు. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో ఉన్న ‘ఇంపోర్ట్’ సదుపాయాన్ని తెరిచి పాత బ్రౌజరును ఎంచుకుంటే బుక్‌మార్కులూ హిస్టరీ నేరుగా వచ్చేస్తాయి. పాస్‌వర్డ్‌లు అలా రాకపోతే, క్రోమ్‌లోని పాస్‌వర్డ్ మేనేజర్ నుంచి వాటిని సీఎస్‌వీ ఫైలుగా (వివరాలను కామాలతో విడదీసి రాసే సాదా పట్టిక) దించుకుని, ఫైర్‌ఫాక్స్‌లోని పాస్‌వర్డ్‌ల పేజీలో ఎక్కించండి. ఆ ఫైలులో పాస్‌వర్డ్‌లన్నీ ఎవరైనా తెరిచి చదవగలిగేలా మామూలు అక్షరాల్లోనే ఉంటాయి కనుక, పని ముగిసిన వెంటనే దానిని తొలగించి, రీసైకిల్ బిన్‌ను కూడా ఖాళీ చేయడం మరువకండి. చాలామంది ఏమరుపాటుగా ఉండేది ఇక్కడే.

ఒకే సైటులో రెండు ఖాతాలు వాడుతున్నానని కూడా రాశారు. అందుకు ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లా వారి ‘మల్టీ-అకౌంట్ కంటెయినర్స్’ అనే యాడ్-ఆన్ (బ్రౌజరుకు అదనంగా జోడించుకునే చిన్న ప్రోగ్రాము) ఎంతో ఉపకరిస్తుంది. ఒక్కో కంటెయినర్ తన కుకీలను (మీరు ఏ ఖాతాతో లాగిన్ అయ్యారో సైటు గుర్తుంచుకునేందుకు బ్రౌజరులో దాచే చిన్న సమాచారం) విడిగా ఉంచుకుంటుంది కాబట్టి, ఆఫీసు ఖాతానూ సొంత ఖాతానూ పక్కపక్క ట్యాబుల్లోనే తెరిచి ఉంచుకోవచ్చు. నా మట్టుకు, ఈ ఒక్క సదుపాయం కోసం మారినా నష్టం లేదనిపిస్తుంది. ట్యాబులు మరీ పెరిగిపోతే, అడ్రస్ బారులో ‘%’ గుర్తు వేసి, కాస్త ఖాళీ వదిలి, పేరు టైపు చేస్తే తెరిచి ఉన్న ట్యాబుల్లో మాత్రమే వెతుకుతుంది. పాత బ్రౌజరును మాత్రం ఒకటి రెండు వారాల పాటు తీసివేయకుండా ఉంచండి.