మెహ్, నాహ్, యైక్స్, వాటెవర్: చాట్‌లో వీటి అర్థం ఏమిటి?

ఎక్కువమంది తడబడేది మెహ్ దగ్గరే. బాగుందనీ కాదు, బాలేదనీ కాదు, "ఆ, ఏదో ఉందిలే" అని పెదవి విరవడం. సినిమా ఎలా ఉందంటే మెహ్ అన్నారనుకోండి, తిట్టినట్టు కాదు, కానీ మళ్లీ చూడమంటే చూడరు. ద సింప్సన్స్ కార్టూన్ వల్ల బాగా పాకిన మాట ఇది, 2008లో కాలిన్స్ నిఘంటువు వాళ్లు కూడా చేర్చుకుంటున్నామని ప్రకటించారు.

నాహ్ అంటే నో అనే, కాకపోతే చనువుగా. "కాఫీకి వస్తావా?" "నాహ్, నిద్రొస్తోంది" అని ఫ్రెండుతో అనొచ్చు, మేనేజర్ మెయిల్‌కి మాత్రం వద్దు.

యైక్స్‌లో ఉండేది ఇబ్బంది, కంగారు. బాస్ మీద వేసిన జోకు ఎవరో పొరపాటున ఆఫీసు గ్రూపులోనే పెట్టేస్తే, చూసినవాళ్లు "అమ్మో, అయిపోయాడు" అనుకుంటూ కొట్టే మాట అది.

వాటెవర్‌తో మాత్రం జాగ్రత్త. వాదన మధ్యలో ఒంటిగా పడేస్తే "ఏదో ఒకటి ఏడువు, నాకేంటి" అని తీసిపారేసినట్టే, అందుకే అమెరికాలో మారిస్ట్ సంస్థ సర్వేల్లో జనానికి ఎక్కువ చిరాకు తెప్పించే మాటగా ఏళ్ల తరబడి ఇదే ముందు నిలిచింది. "వాటెవర్ యూ లైక్" అని పూర్తిగా అంటే గొడవ లేదు, "నీ ఇష్టమే" అని మర్యాదగానే వినిపిస్తుంది.