జైళ్ల పరిశోధనకు పోతానంటున్న మా అమ్మణ్ణికి

చిత్తూరు

అమ్మణ్ణీ,

నిన్న పొద్దుగూకినాక మీ అమ్మ ఫోన్ చేసింది. "జైళ్ల మీద పరిశోధనంట బావా, ఢిల్లీలో ఏదో సంస్థకు అప్లై చేసిందంట, నువ్వన్నా చెప్పు" అని, పక్కింటోళ్లకు వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించి చెప్పింది. వద్దని చెప్పమనే ఆమె ఉద్దేశం. ముప్పై నాలుగేండ్లు కోర్టు గుమాస్తాగా బతికినోణ్ణి, వద్దని ఎట్లా చెప్తాను? రాత్రంతా నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం దిగులు.

మామూలు సంగతులు ముందు. ఎక్సెల్ గట్టిగా నేర్చుకో. సమాచార హక్కు దరఖాస్తు సొంతంగా రాయడం రావాల. ఈ-కోర్టుల వెబ్‌సైట్‌లో కేసు నంబరు కొట్టి వాయిదాలు చదువు. జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) వేసే జైళ్ల లెక్కలు, పోలీసు, జైళ్లు, కోర్టుల్లో ఏ రాష్ట్రం ఎట్లా ఉందో చెప్పే, 2019లో మొదలైన ఇండియా జస్టిస్ రిపోర్టు చూడు. మొదట్లో జీతం తక్కువే, దానికి సిద్ధపడే పో. ఢిల్లీ నుంచి కబురు వచ్చేలోపల ఊరికే కూర్చోవద్దు. పేదోళ్లకు ఉచితంగా న్యాయసాయం చేసే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారాలీగల్ వాలంటీరుగా, అంటే వకీలు కాకపోయినా సాయం చేసే మనిషిగా తీసుకుంటారేమో అడుగు. పుస్తకంలో లేని మనుషులు అక్కడ కనపడతారు.

2022 ఆఖరుకు దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలే, ఇంకా తీర్పు రానోళ్లు. ఈ అంకె నువ్వు బట్టీ కొట్టేసి ఉంటావు. నా భయమంతా అక్కడే. ఎందుకో చెప్తాను విను.

2010లో సంగతి. ఏ ఊరి కోర్టో ఎందుకులే. ఆ నేరానికి చట్టంలో ఉన్న గరిష్ఠ శిక్షలో సగం కాలం లోపలే గడిపేసినోళ్లను బెయిల్ మీద విడవాలని, అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 436ఎ సెక్షను అప్పటికే వచ్చింది. అట్లాంటోళ్ల జాబితా కావాలన్నారు. సబ్ జైలు నుంచి రిజిస్టరు తెప్పించి, నేనే స్కేలు పెట్టి గళ్లు గీసినాను. "బెయిల్ మంజూరు" అని ఉన్న ప్రతి పేరునూ ఎర్ర ఇంకుతో కొట్టేసినాను. బెయిల్ వచ్చినోడు ఇల్లు చేరుంటాడు, వాడితో మనకేం పని అనుకున్నాను. ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. ఎంత శుభ్రంగా ఉందో అని మెచ్చుకున్నారు కూడా.

ఏడు నెలలు పోయినాక ఒక వాయిదా రోజు ఎస్కార్టుతో వచ్చినోళ్లలో, నేను కొట్టేసిన పేరు పిలిచినారు. ఎర్రచందనం కేసు. తమిళనాడులోని జవ్వాదు కొండల నుంచి కూలికి వచ్చిన మనిషి. ఈ జిల్లా వాళ్లే ఇద్దరు, పాసుపుస్తకాలతో జామీనుకు రావాలని షరతు. పరాయి ఊర్లో భూమున్నోడు ఎవడొస్తాడు ఆయన కోసం? వరండాలో గోడకానుకొని కూర్చోనుంటే, ఎందుకు పోలేదని అరవంలో అడిగినాను. జేబులోంచి కాగితం తీసినాడు. మడతల కాడ చిరిగి, చెమటకు అక్షరాలు అలుక్కుపోయి ఉంది. బెయిల్ ఉత్తర్వు నకలు, ఇంగ్లీషులో.

"సామీ, ఇది నాకు పడిన శిక్షా?" అన్నాడు.

ఏడు నెలలూ అదే అనుకుంటా ఉన్నాడు అమ్మణ్ణీ. నాకు అరవం రాకనా? చిత్తూరోళ్లకు ఎవరికి రాదు? జాబితా రాసిన రోజు సబ్ జైలు దాకా సైకిలు తొక్కితే పది నిమిషాలు. పోలేదు. తర్వాత ఒక వకీలును బతిమాలి షరతు తగ్గించమని పిటిషను వేయిస్తే, సొంత పూచీకత్తు మీద విడిచినారు. పోతా పోతా నాకే దండం పెట్టినాడు. ఈ సంగతి మీ పెద్దమ్మకు కూడా ఇంతవరకు చెప్పలేదు.

ఇప్పుడు ఆ పాత కోడు బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టంలోని 479వ సెక్షను, మొదటిసారి ఇరుక్కున్నోళ్లకు ఆ శిక్షలో మూడో వంతు లోపల గడిపితే చాలంటుంది. కానీ ఒకటికి మించి కేసులు పెండింగులో ఉంటే వర్తించదు, అది మరవద్దు. బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. స్థానిక జామీను అడగొద్దని కోర్టులకు సూచించింది కూడా. ఆ మాట మా కాలంలో వచ్చుంటే! అమలవుతోందో లేదో మాత్రం నువ్వు పోయి మనిషిని అడిగితేనే తెలుస్తుంది.

ఇంకొకటి, కోప్పడతానని అనుకోవద్దు. పోయిన సంక్రాంతికి సర్వే కాగితాల సంచి బస్సులో మరిచి వచ్చినావు. ఈ పనిలో అది కుదరదు. లోపల మనిషి నిన్ను నమ్మి చెప్పిన పేరు, ఊరు ఇంకొకరి చేతికి చిక్కితే, బయట వాళ్ల ఇంటి ఆడోళ్లు పడతారు ఆ బాధ. "విడిపిస్తా" అనే మాట నోటి నుంచి రానీకు. చీకటి పడేలోపల రూముకు చేరు. ఏడుపొస్తే ఫోన్ చెయ్, ఏ టైమైనా సరే.

చిన్నప్పుడు నా తేదీ ముద్ర తీసుకొని మోచేతుల దాకా కొట్టుకునేదానివి. కడిగినా పోయేది కాదు, ఆ తేదీతోనే బడికి పోయినావు ఒకరోజు.

ఆదివారం తిరుపతికి వస్తాను. మీ అమ్మతో నేను మాట్లాడతా. వారంటు వెనకాల రిమాండు పొడిగించిన రాత ఎట్లా చదవాలో చూపిస్తాను. పెద్ద నోటుబుక్కు కొని గళ్లు గీసి పెట్టు. బెయిల్ వచ్చిన తేదీ పక్కన ఇంకో గడి గీయి, గేటు దాటిన తేదీకి.

మీ పెదనాయన